అడగకూడదనే ఒప్పందం

దీపావళి మరునాడు సాయంత్రం కోయంబత్తూరు సింగానల్లూరు బస్టాండులో మదురై బస్సు దిగిన మనిషి మణికట్టుకు పసుపు దారం ఉంది. దారం మధ్యలో చిన్న పసుపుకొమ్ము. నేను బండికి స్టాండు వేసి నిలబడి చూశాను. అతను నన్ను చూసి ఎప్పటిలా నవ్వలేదు. సంచి నాకందించి, వెనక ఎక్కి, నా భుజం మీద చెయ్యి వెయ్యకుండా సీటు కమ్మీ పట్టుకుని కూర్చున్నాడు.

ఆ దారాన్ని మా వైపు కాప్పు అంటారు. ఆంధ్ర వైపు కంకణం అంటారే, అదే. అమ్మవారి జాతరకో, మురుగన్ షష్ఠికో మొక్కుకున్నవాళ్లు గుడిలో కట్టించుకుంటారు. కట్టుకున్నన్నాళ్లూ చాప మీద పడుకోవాలి, పెళ్లాన్ని ముట్టుకోకూడదు, చావు ఇంటికీ పురిటి ఇంటికీ పోకూడదు. మొక్కు తీరిన రోజు విప్పేస్తారు. ఇది ఊరందరికీ తెలిసిన సంగతే. మా ఇంట్లో మాత్రం ఆ దారంతో ఇంకో అవసరం కూడా ఉంది. అది మా ఇద్దరికి తప్ప ఎవరికీ తెలియదు.

అతనిది మదురైలో తరాలుగా బట్టల అంగడి నడుపుతున్న కుటుంబం. నాది అన్నూరు వైపు సేద్యం చేసి, మా నాయన కాలంలో తుడియలూరు వచ్చి మోటారు పంపుల వర్క్‌షాపు పెట్టుకున్న కుటుంబం. రెండిళ్లలోనూ తెలుగే, వందల ఏళ్లుగా తమిళంలో నానిన తెలుగు. అంగడికి గుడ్డ కొనే పని అతనిది కాబట్టి ఏడాదిలో ఎక్కువ భాగం కోయంబత్తూరులోనే ఉంటాడు. అన్నూరు దగ్గర ఒక మరమగ్గాల షెడ్డులో బోరు మోటారు కాలిపోతే చూడ్డానికి వెళ్లాను. అక్కడ ఈ మనిషి గుడ్డ చివర రెండు వేళ్ల మధ్య నలుపుతూ, ఇది కాటనే కాదని షెడ్డు యజమానితో తగువు పడుతున్నాడు. మోటారు సంగతి మర్చిపోయి ఆ తగువు చూస్తూ నిలబడ్డాను. ఇప్పుడు సింగానల్లూరులో ఒక మేడ మీద ఇంట్లో కలిసి ఉంటున్నాం.

కింద ఇంటి యజమానురాలు ఉంటుంది, డెబ్భై దాటిన ఆవిడ, మేము అవ్వా అంటాం. ఆవిడ లెక్కలో మేము ఖర్చు కలిసొస్తుందని ఒకే ఇంట్లో ఉంటున్న ఇద్దరు పెళ్లికాని మగవాళ్లం. నలుగురిలో అతను నన్ను అన్నా అంటాడు. ఇంట్లో మాప్ళ అంటాడు. మాప్ళ అంటే అల్లుడు, పెళ్లికొడుకు. మా ఊళ్లో స్నేహితులందరూ ఒకరినొకరు అలాగే పిలుచుకుంటారు, అది అవ్వ చెవిన పడ్డా ఏమీ అనుకోదు. ఇదంతా తెలుగులో ధైర్యంగా రాయడానికి కూడా కారణం ఉంది. మావాళ్లలో తెలుగు మాట్లాడేవాళ్లు బోలెడంతమంది, చదవగలిగేవాళ్లు నేనూ, మా తాత దగ్గర నాతోపాటు అక్షరాలు దిద్దిన మా పెద్దక్కా. మా పెద్దక్కకు కళ్లజోడు ఎక్కడ పెట్టానో గుర్తుండదు.

నాకు ఏదీ పరీక్షించకుండా నమ్మడం రాదు. పంపును తొట్టిలో దింపి, ఎంత నీళ్లు ఎత్తుతుందో చూడకుండా అట్టపెట్టెలో పెట్టనివ్వను. మేడ ఇల్లు తీసుకోగానే ఇద్దరం వెళ్లి రక్తపరీక్ష చేయించుకున్నాం. ఇద్దరికీ హెచ్‌ఐవీ లేదని తేలింది. అక్కడి కౌన్సెలర్ ఒక ఆవిడ మమ్మల్ని కూర్చోబెట్టి, ఇక ముందు ఎలా ఉండాలనుకుంటున్నారో మీరిద్దరూ మాట్లాడుకోండి అంది. ఎప్పుడైనా జాగ్రత్త తప్పితే మూడు రోజుల్లోపల మొదలుపెట్టాల్సిన మాత్రలు ఉంటాయని, ఎంత తొందరగా మొదలుపెడితే అంత మంచిదని చెప్పింది. ఆవిడ చెబుతున్నంతసేపూ అతను ఫ్యాను వైపు చూస్తున్నాడు.

మాట్లాడుకున్నాం. ఇద్దరం శ్రీరామచంద్రులం కామని ఇద్దరికీ తెలుసు. ఆడి మాసం తగ్గింపు అమ్మకాలకు ఒక నెల, దీపావళికి ఇంకో నెల అతను మదురైలో ఉంటాడు. నేను డీలర్ల కోసం ఊళ్లు తిరుగుతాను. ఉన్నదాన్ని లేదనుకుని రేపు ఏడ్చే కంటే, ఇవాళ సిగ్గుపడడం మేలనుకున్నాం. మా మధ్య ఏ తొడుగూ అక్కర్లేదు. బయట ఎప్పుడైనా ఏదైనా జరిగితే కండోమ్ లేకుండా జరగకూడదు. ఇద్దరికీ తెలిసినవాళ్లతో కూడదు, ఈ ఇంట్లో అసలే కూడదు. ఇంతవరకూ సగం తమిళం, సగం ఇంగ్లీషు కలిపి ఎలాగో చెప్పుకున్నాం. చివరి మాట దగ్గర బండి ఆగిపోయింది. జాగ్రత్త తప్పితే, ఇంటికొచ్చి రెండోవాడిని ముట్టుకోకముందే ఆ సంగతి చెప్పాలి.

"ఆ మాట మాత్రం నా నోట్లో రాదు మాప్ళ," అన్నాడు. "నువ్వు మొగం ఎట్ల పెడతావో నాకు తెలుసు. దాన్ని చూసుకోని నేను చెప్పలేను."

నా మొహం సంగతి నాకూ తెలుసు. కోపం వస్తే పనివాళ్లు స్పానర్లు దాచేస్తారు.

ఆ ఏడాది అన్నూరులో మా అమ్మవారి జాతరకు అతన్ని తీసుకెళ్లాను, మదురై స్నేహితుడని చెప్పి. మా చిన్నాయన కాప్పు కట్టుకుని ఉన్నాడు. బయట తిన్నె మీద చాప, ఒక చెంబు, ఒక దుప్పటి. మా పిన్ని అన్నం పళ్లెం తెచ్చి తిన్నె అంచున పెట్టి, చెయ్యి తగలకుండా వెనక్కి జరిగేది. పిల్లలు కూడా ఆయన చాప తొక్కేవాళ్లు కాదు. ఎందుకు దూరంగా పడుకున్నావని ఎవరూ అడగరు. అన్ని గదుల్లోనూ జనం ఉన్న ఇంట్లో, మొగుడూ పెళ్లాల మధ్య సంగతి ఊరందరికీ తెలిసిపోయినా ఒక్కరికీ సిగ్గు లేదు. అతను ఆ రోజంతా మా చిన్నాయన చేతినే చూస్తూ కూర్చున్నాడు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో అన్నాడు, "మనం కూడా అట్లే పెట్టుకొందామా? నోరు తెరిచే పని లేదు. కట్టుకొన్నోణ్ణి ఇంకొకడు ఏమీ అడగకూడదు. పరీక్ష చేసుకోని, ఏమీ లేదని తెలిసినంక విప్పేది."

మొదట నవ్వాను. బస్సు సింగానల్లూరు చేరేసరికి నవ్వు పోయి, ఒక రకమైన గర్వం వచ్చింది. మా కులాల్లో పెళ్లి కుదిర్చేటప్పుడు పళ్లేలు మార్చుకుంటారు, మేనమామలు సాక్షులు, వంద మంది భోజనాలు. ఇన్ని చేసీ, ఆ పిల్ల ప్రాణానికి అవసరమైన ఒక్క ప్రశ్న ఆ పిల్లవాడిని ఎవరూ అడగరు. మా మేనత్త మొగుడు లారీలు తిప్పేవాడు. తనకు జబ్బు ఉందని ఆయనకు తెలుసు. చాలా ఏళ్ల తర్వాత ఆవిడకు ఒక ల్యాబు కాగితం చెప్పింది, ఆయన చెప్పలేదు. ఆవిడ ఇప్పటికీ రోజూ మాత్ర వేసుకుని, ఆరోగ్యంగానే ఆవుల్ని మేపుకుంటోంది. ఆయన పేరు ఎత్తితే మాత్రం లేచి లోపలికి వెళ్లిపోతుంది. అలాంటి ఇళ్ల నుంచి వచ్చిన మేమిద్దరం, ఏ సాక్షీ లేకుండా, ఒక పసుపు దారంతో ఈ ఏర్పాటు చేసుకున్నామా అని నాకు అబ్బురంగా ఉండేది.

అలా నాలుగేళ్లు గడిచాయి. ఒక్కసారీ ఎవరి చేతికీ దారం రాలేదు. రాదనే అనుకున్నాను.

బస్టాండు నుంచి వచ్చిన ఆ సాయంత్రం, మేము మెట్ల దగ్గర బండి దిగగానే అవ్వ చూసేసింది. ఆ ఏడాది అమావాస్య దీపావళి రోజే వచ్చింది, మరునాడే షష్ఠి వ్రతం మొదలు. ఆరో రోజు గుడిలో సూరసంహారం వేడుక అయ్యేదాకా చాలామంది పాలూ పళ్లతోనే ఉంటారు. అవ్వ ముఖం విప్పారిపోయింది.

"ఏమి సామీ, షష్ఠికి కాప్పు కట్టుకోనుండావా? మంచి పని చేస్తివి," అంది. "మురుగన్ ఊరికే పోనీడు. వచ్చే షష్ఠికంతా ఇంట్లోకి ఒక పెండ్లాము వచ్చేస్తాది, చూస్తా ఉండు."

"సరి అవ్వా," అన్నాడు తల వంచుకుని.

పైకి వెళ్లాక తనే చాప తీసి హాల్లో పరుచుకున్నాడు. నేను కాఫీ కలిపి, కప్పు గట్టు మీద పెట్టి, అడగకుండా లోపలికి వెళ్లాను. ఒప్పందం ప్రకారం అంతే చెయ్యాలి. చేసి చూస్తే తెలిసింది, అది ఎంత కష్టమో. గోడకు అవతల అతను దగ్గితే కూడా నాకు ఒళ్లు మండింది. ఎవరు, ఎక్కడ, ఎందుకు అనే మూడు మాటలు నోటి దాకా వస్తే, దిండు తిప్పుకుని గోడ వైపు పడుకున్నాను.

పొద్దున్నే తుడియలూరు వెళ్లిపోయాను. పండక్కి ఊళ్లకు పోయిన పనివాళ్లు ఇంకా రాలేదు, షాపు బోసిగా ఉంది. ఒక డీలరు ఫోన్ చేసి సరుకు ఎప్పుడొస్తుందని మర్యాదగా అడిగితే, నీకు దీపావళి లేదా అని అరిచాను. ఆయన పాపం, ఉందండీ అన్నాడు. ఫోన్ పెట్టేసి తొట్టి గట్టు మీద కూర్చున్నాను. కోపం ఒక గంట ఉంది. అది కాస్త తగ్గాక, దాని కింద ఉన్నది బయటపడింది. అతను కాప్పు కట్టుకుని వచ్చాడు. సరే. మరి ఆస్పత్రికి వెళ్లాడా? వెళ్లి ఉంటే సంచిలో మాత్రలు ఉండాలి. రాత్రి పాలు తాగి పడుకున్నాడే తప్ప ఏ మాత్రా వేసుకోవడం నేను చూడలేదు. షట్టరు దించేసి, బండి తీశాను.

నేను వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. అతను స్నానం చేసి, విభూతి పెట్టుకుని, చాప మీద కూర్చుని ఉన్నాడు. పక్కన అవ్వ పంపిన అరటిపళ్లు. చెప్పులు గుమ్మం పక్కన గోడకు ఆనించి ఉన్నాయి, వ్రతానికి ఈయనగారు చెప్పులు కూడా మానేశారన్నమాట.

"ఎప్పుడు?" అని అడిగేశాను.

తలెత్తి చూశాడు. "అడగకూడదు గదా."

"అడగతా ఉండాను. ఎప్పుడు?"

చాప అంచు సర్దుకుంటూ, "దీపావళి మద్యానం," అన్నాడు.

"ఎవురని అడగను. కండోమ్ ఉండెనా?"

"లేదు మాప్ళ. ఆ నిమిషంలో లేకపాయె. నేను ఆపల్యా."

గొంతు పెంచలేదు, కింద అవ్వ ఉంది. "డాక్టరు దగ్గరికి పోతివా?"

"సూరసంహారం అయ్యి కాప్పు విప్పినంక పోదాము."

"అప్పుడు ఆ మాత్తర పనికి రాదురా! మూడు దినాల్లోపల అని ఆమె మన ఇద్దరికీ చెప్పింది గదా. నువ్వు ఫ్యాను చూస్తా ఉంటివి."

"విన్నాను. తెలుసు."

"తెలిసీనా?"

అప్పుడు చెప్పాడు. ముందురోజు పొద్దున్నే మదురైలో మురుగన్ గుడికి వెళ్లాడట. నాకు చెప్పడానికి ఒట్టి దారం కట్టుకుని రావడం అతనికి మోసంలా అనిపించిందట. తప్పు చేశాను, ఒట్టిది కాదు నిజమైనదే కట్టుకుంటానని, గుడిలో వరసలో నిలబడి, పూజారి చేత కట్టించుకున్నాడు. అది ఇప్పుడు మా దారం కాదు. దేవుడి దారం.

"కాప్పుతో ఆస్పత్రి గడప తొక్కకూడదు మాప్ళ," అన్నాడు. "పుట్టేదీ చచ్చేదీ ఉండే చోటు అది. నేను పుట్టినప్పుడు మా నాయన కాప్పుతో ఉండె. మా అమ్మ లోపల అరస్తా ఉంటే ఆస్పత్రి గేటు బయటే నిలబడుకొనె. ఆరు దినాలు నా మొగం చూడల్యా. నేను ఒక తప్పు చేసి వస్తిని. దానిమీద ఇంకొకటి చేసేదా?"

నాకు ఎంత కోపం వచ్చిందంటే, అతను గుడ్డ నమూనాలు కోసే కత్తెర బల్ల మీద ఉంటే చేతికి తీసుకున్నాను. అతను వెంటనే చెయ్యి చాచాడు. వెనక్కి లాక్కోలేదు. "కోస్తే కొయ్యి, నేను ఏమీ అనను," అన్నాడు. ఆ దారం పట్టుకుని నిలబడ్డాను. కొయ్యలేకపోయాను. మా చిన్నాయన చాప అంచు కూడా తొక్కకుండా పెరిగినవాణ్ణి. మురుగన్ ఉన్నాడా లేడా అని నాతో వాదిస్తే ఒక పూట వాదిస్తాను, కానీ పసుపుకొమ్ము దగ్గరికి వచ్చేసరికి నా చెయ్యి నా మాట వినలేదు. కత్తెర కింద పెట్టి, ఆ చాప మీదే అతని ఎదురుగా కూర్చున్నాను. కాప్పు కట్టుకున్నవాడి చాప మీద కూర్చోకూడదు, అది ఇద్దరికీ తెలుసు.

"నాకు భయంగా ఉండాది," అన్నాను.

ఆ మాట అతనితో నేను ఎప్పుడూ అనలేదు. అతను నా ముఖం వెతికి చూశాడు. "కోపం లేదా?"

"ఉండాది. అది తర్వాత చూసుకొందాము. ముందర భయము. నీకు ఏమన్నా అయితే నేను ఎవురికి చెప్పుకోని ఏడ్చేది? మీ అమ్మకు నేను ఎవురు? ఈ అవ్వకు నేను ఎవురు?"

అతని కళ్లలో నీళ్లు వచ్చాయి, తుడుచుకోలేదు. తర్వాత లేచి, కొక్కేనికి ఉన్న చొక్కా తీసుకున్నాడు.

"పద," అన్నాడు. "సామికి నేను జవాబు చెప్పుకొంటాను."

అంత సులభంగా లేచాడని నాకు ఇవాళ్టికీ నమ్మబుద్ధి కాదు. తండ్రి గేటు బయట నిలబడిపోయిన చోట, ఈయన నా ఒక్క మాటకు లేచాడు. చెప్పులు వేసుకోలేదు. నేను అడగలేదు. ఎండలో వేడెక్కిన బండి ఫుట్‌రెస్టుల మీద ఉత్త పాదాలు పెట్టి కూర్చుని, ఈసారి నా భుజం మీద చెయ్యి వేశాడు. బయల్దేరుతుంటే అవ్వ అరుగు మీద నుంచి గుడికా సామీ అని అడిగితే, అవునని ఇద్దరం ఒకేసారి చెప్పాం.

డాక్టరు ఒక చిన్న క్లినిక్‌లో కూర్చుంటుంది. మాలాంటివాళ్లు ఒకరికొకరు చెప్పుకుని వెళ్లే చోటు. గుమ్మం దగ్గర అతను ఒక్క క్షణం ఆగాడు. పెదవులు కదిపి ఏదో అనుకుని, కుడికాలు లోపల పెట్టాడు. పిలుపు వచ్చాక ఒక్కడే వెళ్లాడు. తలుపు పూర్తిగా మూసుకోలేదు, లోపలి మాటలు నాకు వినిపిస్తూనే ఉన్నాయి. డాక్టరు తమిళంలో అన్నీ మామూలుగా అడిగింది, జ్వరం ఎప్పటినుంచి అని అడిగినట్టే. ఎప్పుడు జరిగింది, ఎలా జరిగింది, ఇంతకుముందు పరీక్ష ఎప్పుడు. తర్వాత, మీకు ఇంట్లో భాగస్వామి ఉన్నారా, వారికి ఈ సంగతి తెలుసా అని అడిగింది.

"తెలుసు," అన్నాడు. "బయట కూచోనుండాడు. పిలవచ్చునా?"

లోపలికి వెళ్లి కుర్చీలో కూర్చున్నాను. అతను మాత్రం డాక్టరు ముఖం వైపు చూడ్డం లేదు. ఆవిడ రాస్తున్న చేతి వైపు, గుడ్లప్పగించి చూస్తున్నాడు. నేనూ చూశాను. తెల్లకోటు అంచు కింద, గడియారం పక్కనే, పసుపు దారం. మధ్యలో పసుపుకొమ్ము.

ఆవిడ మా చూపు గమనించి అతని మణికట్టు చూసింది. ఏమీ ఆశ్చర్యపోలేదు. "మీరూ షష్ఠియా? నేనూ పాలూ పళ్లే," అంది. "ఈ మాత్ర పాలతో వేసుకోవచ్చు. వ్రతానికి ఏం అడ్డం కాదు. రోజుకొకటి, నెల రోజులు, ఒక్క పూట కూడా మానకూడదు."

ఆరు రోజులు కాప్పుతో ఆవిడ ఈ కుర్చీలోనే కూర్చుంటుంది. రక్తం చూస్తుంది, జబ్బులు చూస్తుంది, సాయంత్రం స్నానం చేసి గుడికి వెళుతుంది. మా ఈయనగారు గడప తొక్కడానికి భయపడి ప్రాణం మీదికి తెచ్చుకున్న చోట. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. అతను రెండు చేతులూ జోడించి ఆవిడకు దండం పెట్టాడు. ఆవిడ కంగారుపడి, నీళ్ల గ్లాసు అతని ముందుకు జరిపింది. మొదటి మాత్ర అక్కడే వేసుకున్నాడు.

"నిన్న సాయంత్రమే ఊరు వచ్చారు కదా, నిన్ననే ఎందుకు రాలేదు?" అని అడిగింది చివర్లో. "ఒక్కో గంటా లెక్కే దీనికి."

ఇద్దరం ఒకరినొకరం చూసుకున్నాం. జవాబు నేనే చెప్పాను. అడగకూడదని మాకు ఒప్పందం అన్నాను. చెబుతుంటే నా చెవులకే తెలివితక్కువగా వినిపించింది. నాలుగేళ్లుగా నేను ఎంత గర్వపడిన ఏర్పాటు అది. ఆవిడ నవ్వలేదు, తప్పు పట్టలేదు. ఒప్పందం ఉండడమే మంచిది, చాలామందికి అది కూడా ఉండదు, కానీ ఆ ఒక్క మాట మార్చుకోండి అంది.

సూరసంహారం రోజు గుడికి వెళ్లి దారం విప్పించుకున్నాడు. చాప మాత్రం హాల్లోనే ఉంది. నెల రోజులు మాత్రలు, మొదట్లో కడుపులో తిప్పేది, తల తిరిగేది. నా కోపం కూడా ఆ నెలంతా విడతలు విడతలుగా వచ్చింది, వచ్చినప్పుడల్లా తిట్టాను, అతను పడ్డాడు. ఎవరో ఏమిటో అడిగితే చెప్పాడు కూడా. విన్నాక అంత పెద్ద సంగతిగా అనిపించలేదు. నన్ను నిద్రపోనివ్వనిది ఇంకొకటి. మదురైలో బస్సు ఎక్కేటప్పుడు ఆ చేతికి ఏ దారమూ లేకుండా ఎక్కి ఉండవచ్చు. దిగి, నవ్వి, నా భుజం మీద చెయ్యి వేసి, ఇంటికి వచ్చి ఉండవచ్చు. నాకు ఎప్పటికీ తెలిసేది కాదు. మా మేనత్త మొగుడు చేసింది అదే.

ఒకరోజు అడిగాను, "ఎందుకు చెప్తివి?"

అతను పళ్లు తోముకుంటున్నాడు. నోట్లో నురగతోనే, "నీకు ఏమీ రాకూడదని," అన్నాడు. ఇదేం ప్రశ్న అన్నట్టు చూసి, పుక్కిలించి, తువ్వాలు కోసం చెయ్యి చాచాడు. తువ్వాలు అందించి, నేను అక్కడే నిలబడిపోయాను. నాకోసం భయపడి దేవుడి దగ్గర కూడా మాట పోగొట్టుకోవడానికి సిద్ధపడ్డ మనిషితో నేను ఒకే గిన్నెలో అన్నం తింటున్నానా అని, ఆ పూటంతా ఒళ్లు జలదరిస్తూనే ఉంది.

నెలన్నరకు ఒకసారి, మూడు నెలలకు ఇంకోసారి పరీక్షలు. రెండోసారి ఇద్దరం చేయించుకున్నాం. ఇద్దరికీ లేదు. డాక్టరు కాగితం తిప్పి చూపిస్తే, అతను ముందు నాది చూశాడు, తర్వాత తనది. ఊళ్లు తిరిగే రోజుల్లో ముందుగానే రోజూ వేసుకునే మాత్ర ఒకటి ఉంటుందని, సరిగ్గా వేసుకుంటే హెచ్‌ఐవీ రాకుండా చాలావరకు కాపాడుతుందని ఆవిడ చెప్పింది. ఈసారి ఫ్యాను వైపు చూడకుండా విన్నాడు. జబ్బు రాకముందే మందు, అదీ ఒక చిన్న బిళ్ల. మా మేనత్తకు ఆ రోజుల్లో ఇది ఎవరన్నా చెప్పి ఉంటే అని, బయటికి వచ్చాక మెట్ల మీద కాసేపు కూర్చున్నాను.

ఆ వారంలోనే చాప చుట్టి మూల పెట్టాం. ఒప్పందంలో మిగతావన్నీ అలాగే ఉంచుకున్నాం. కండోమ్ మాట అలాగే ఉంది, ఈ ఇంటి మాట అలాగే ఉంది. అడగకూడదన్నది తీసేసి, అడగాలి అని పెట్టుకున్నాం. ఊరి నుంచి వచ్చినవాణ్ణి ఇంట్లో ఉన్నవాడు అడగాలి. దాచకుండా జవాబు చెప్పాలి.

మొదటిసారి ఊరి నుంచి వచ్చింది నేనే. హోసూరు దాకా డీలర్ల దగ్గరికి వెళ్లి, వారం తిరిగి, పొద్దున్నే ఇల్లు చేరాను. అతను వంటింట్లో దోసె పోస్తున్నాడు. నేను చేతులు కడుక్కుంటున్నాను. పెనం మీద నుంచి చూపు తిప్పకుండానే అడిగాడు.

"పోయిన చోట ఏమన్నా ఉండెనా మాప్ళ?"

వెనక నుంచి ఎవరో తోసినట్టు అయింది నాకు. అతన్ని అడగడం గురించి ఇన్నాళ్లూ ఆలోచించాను గానీ, నన్ను అడిగితే ఎలా ఉంటుందో ఒక్కసారీ అనుకోలేదు. ఏమీ జరగలేదు, దాచడానికి ఏమీ లేదు. అయినా కడిగిన చేతులే మళ్లీ కడిగాను. నా మాటకు రుజువు లేదు. తొట్టిలో దింపి చూపించడానికి ఏమీ లేదు. నేనైతే ముఖం చూస్తాను, కళ్లు చూస్తాను, ఇంకో రెండు ప్రశ్నలు వేస్తాను.

"లేదు," అన్నాను.

"సరి," అన్నాడు. తల కూడా తిప్పలేదు. నమ్మేశాడు. దోసె తిరగేసి, నూనె వేసి, పళ్లెం తీసుకోమన్నాడు.